ఆరో కొక్కెం

మా ఫ్యాక్టరీలో కేకు కోశారంటే కంపెనీ మళ్లీ చేతులు మారిందని అర్థం. నేను ఇప్పటికి నాలుగు కేకులు తిన్నాను. నెల్డా ప్రూయిట్ నాకంటే పదకొండేళ్లు ముందు చేరింది కాబట్టి ఐదు తింది. ప్రతిసారీ అదే తంతు. భోజనాల హాల్లో తలుపంత కేకు, దాని మీద నీలం చక్కెరతో కొత్త కంపెనీ గుర్తు. టై కట్టుకున్న ఒకాయన ఎక్కడినుంచో దిగి, ఇకనుంచి మీరంతా మా కుటుంబం అంటాడు. మేము కాగితం పళ్లేలు చంకలో పెట్టుకుని చప్పట్లు కొడతాం. కిందటిసారి ఆ చప్పట్ల మధ్యలోనే నెల్డా నా చెవిలో అంది.

"ఇన్ని కుటుంబాల చేతుల్లో పడ్డాక అసలు ఇంటిపేరేంటో కూడా గుర్తుండట్లేదే ట్వైలా."

ట్వైలా అంటే నేనే. ఇరవై ఏడేళ్లుగా నేను పారాచూట్లు మడతపెడుతున్నాను, నేను మడిచినదాన్ని నెల్డా తనిఖీ చేస్తోంది. మా ఇద్దరి మధ్య దూరం ఎప్పుడూ నాలుగడుగులే. నా మొగుడితో కూడా అంత దగ్గరగా అన్నాళ్లు బతకలేదు. ఆయన పెళ్లయిన పదహారో ఏటికే విసిగిపోయి టల్సా వెళ్లిపోయాడు.

నెల్డా చేరినప్పుడు ఇది క్రచర్ గుడారాల కంపెనీ. అంతకుముందు పత్తి ఏరేవాళ్ల గోతాలు, చర్చి సభలకు డేరాలు కుట్టేవారు. యుద్ధం రోజుల్లో సైన్యం వాళ్లొచ్చి డేరా కుట్టే చేతులు పారాచూట్ కుట్టలేవా అని అడిగారట. అలా మొదలైంది. తర్వాత యుద్ధవిమానాల పైలట్లవి వచ్చాయి. విమానం కూలిపోతుంటే కుర్చీతో సహా మనిషిని పైకి విసిరేస్తుంది చూడండి, ఆ కుర్చీలో తల వెనకున్న పెట్టెలో ఇటుకలా బిగించి పెట్టే పారాచూట్ మాది. క్రచర్‌ను ఒకడు కొన్నాడు, వాడిని ఇంకొకడు మింగాడు, ఆ ఇంకొకణ్ని మరొకడు, వాణ్ని వేరొకడు. చివరికి హాల్‌డ్రిక్ డిఫెన్స్ వచ్చింది. హాల్‌డ్రిక్ అంటే మాటలు కాదు. నలభై రాష్ట్రాల్లో ఫ్యాక్టరీలు, లక్షకు పైగా జనం. వాళ్లేం చేస్తారో మాకు వాళ్ల పత్రిక వల్లే తెలుస్తుంది. నెలనెలా ఇంటికొస్తుంది, నిగనిగలాడే కాగితం, పొయ్యి రాజేయడానికి కూడా పనికిరాదు. నెల్డా దాన్ని మధ్యాహ్నం తిండి దగ్గర పైకి చదివేది.

"ఈ నెల మనం రాడార్లు కూడా చేస్తున్నామట. ఇదిగో, సైనికుల బట్టలు ఉతికే కాంట్రాక్టు కూడా మనదే. ఎడారిలో వాళ్లకి వంట కూడా మనమే చేస్తున్నామట. ఏం వండుతున్నామో రాయలేదు."

"బీన్సు," అన్నాను.

"విమానాల్ని కూల్చే క్షిపణి కూడా మనదే. ఇంకో పేజీలో కూలే విమానంలోంచి దూకేవాడికి పారాచూటూ మనదే." పత్రిక మూసేసింది. "వాడు ఎటునుంచి చచ్చినా ఎటునుంచి బతికినా మనకి గిట్టుబాటే."

ఆ మాట నవ్వుతూ అనలేదు. నెల్డాకు నవ్వు అంత తొందరగా రాదు. పొడుగ్గా, వంగని నడుముతో ఉంటుంది. కీళ్లన్నీ ముడులు కట్టిన వేళ్లు. ముప్పై ఎనిమిదేళ్లు పైలట్ల ప్రాణాలకు కాపలా కాసింది కానీ ఒక్కసారి కూడా విమానం ఎక్కలేదు. ఎందుకెక్కలేదంటే, "దాన్ని ఎవరు తనిఖీ చేశారో నాకు తెలీదు కదా," అంటుంది. మొగుడు ర్యూబెన్ కాగితం మిల్లులో చేసేవాడు. మిల్లు మూతపడ్డాక మూడేళ్లకు ఊపిరితిత్తులు పాడై పోయాడు. పిల్లల్లేరు. ఆదివారం చర్చి, బుధవారం చర్చిలో సహపంక్తి భోజనం, సోమవారం నుంచి శుక్రవారం దాకా పగలంతా మేము.

ఆమె మెడలో ఒక తాడు, దానికి గోరంత రబ్బరు ముద్ర. పదిహేడో నంబరు. పారాచూట్‌తో వెళ్లే చీటీ మీద ఆ ముద్ర పడిందంటే ఇక దాని మంచిచెడ్డలకు పూచీ ఆమెదే. మనిషి రిటైరైతే ఆ నంబరు ఇంకెవరికీ ఇవ్వరు, ముద్రను సానచక్రం మీద అరగదీసేస్తారు. ఉద్యోగం పోయినా ఆ పూచీ పోదు. ఆ పారాచూట్లు విమానాల్లో ఉన్నంతకాలం ఉంటుంది.

లెక్క సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ముందు జరిగింది అర్థం కాదు. పారాచూట్‌ను పొడుగు బల్ల మీద పరిచి మడిచేటప్పుడు దాని తాళ్లు జారిపోకుండా ఎనిమిది చోట్ల ఎర్ర పట్టీలతో కడతాం. మూసేముందు ఒకటో దాని నుంచి వరుసగా విప్పి, గోడమీది పలకకున్న ఎనిమిది కొక్కేలకు వరుసగా తగిలిస్తాం. నెల్డా వచ్చి ఎనిమిదీ లెక్క చూసి ముద్ర వేస్తుంది. తర్వాతి పారాచూట్‌కూ అవే పట్టీలు. ఒక్క కొక్కెం ఖాళీగా ఉన్నా అక్కడితో పని ఆగిపోతుంది, చీపురు కూడా కదలదు. ఎందుకంటే లోపల ఒక్క పట్టీ ఉండిపోయినా, పారాచూట్ బయటికొస్తుంది కానీ విచ్చుకోదు. మూటలాగా మనిషి వెంటే కిందికి వస్తుంది.

ఈ లెక్క ఆమె ఒంటికి పట్టేసింది. ఒకసారి చర్చి భోజనాల్లో చెంచాలు కడుగుతూ లెక్క పెడితే ఒకటి తగ్గింది. పాస్టరు గారితో సహా అందరినీ నిలబెట్టి, బంగాళాదుంపల సలాడ్ రెండు గిన్నెలూ పళ్లేల్లోకి తిరగబోయించింది. చెంచా పాస్టరు గారి జేబులో దొరికింది. పాపం, ఆయన కళ్లజోడు అనుకుని పెట్టుకున్నాడు.

మా పారాచూట్లు వాడేవాళ్లు వాడామని చెప్పడానికి రావడం అరుదు. ముప్పై ఎనిమిదేళ్లలో నలుగురు ఉత్తరాలు రాశారు. వాళ్లలో ఒకతను స్వయంగా కూడా వచ్చాడు, నేను చేరకముందు, తొంభై మూడులో. పెళ్లాన్నీ చంటిపిల్లనీ వెంటబెట్టుకుని వచ్చి, ప్రాణం కాపాడినవాళ్లకు సీసా ఇచ్చే పైలట్ల ఆనవాయితీ ప్రకారం నెల్డా చేతిలో విస్కీ సీసా పెట్టాడట. నెల్డా బాప్టిస్టు, చుక్క ముట్టదు. ఇచ్చినదాన్ని పారబొయ్యడం కూడా తప్పేనని నాలుగు క్రిస్మసుల పాటు పళ్ల కేకులో కొద్దికొద్దిగా పోసింది. ఆ నాలుగేళ్లూ పాస్టరు గారు రెండో ముక్క అడిగి మరీ తిన్నారు.

ఆ పైలట్ పారాచూట్ మడిచిన రోజుల్లో వాడిన ఎర్ర పట్టీల్ని తొంభై ఎనిమిదిలో కొత్త యజమాని వచ్చి మార్చేశాడు. పాతవాటి చివర నీలం దారం కుట్టు ఉండేది, కొత్తవాటికి అంకెల బిళ్ల. పాతవి పారేస్తుంటే నెల్డా ఒకటి తీసి దాచుకుంది. ఆమె జీవితం మొత్తంలో చేసిన దొంగతనం అదొక్కటే.

రిటైరయ్యే వారం వచ్చేసరికి ఆ దొంగతనం ఆమెను తినేయడం మొదలెట్టింది. సోమవారం పొద్దున పట్టీని ఆప్రాన్ జేబులో వేసుకొచ్చింది. సొంత వస్తువేదీ మా గదిలోకి తేకూడదు, పెళ్లి ఉంగరం కూడా తీసి రావాలి. అది తెలిసీ తెచ్చింది.

"ఇరవై ఆరేళ్లు ఉంచుకున్నాను. శుక్రవారం లోగా ఇచ్చేసి పోతానే. పైకి పోయాక దీనికి కూడా జవాబు చెప్పుకోవాలా?" అంది.

"పైన నీకోసం పట్టీలు లెక్కపెడుతూ కూర్చున్నారనుకున్నావా?"

"లెక్కపెట్టకపోతే వాళ్లు పైన ఎందుకు?"

ఇచ్చేద్దామంటే తీసుకునేవాళ్లు లేరు. ఒకప్పుడు సామాన్ల కిటికీ దగ్గర ఒక మనిషి కూర్చునేవాడు. హాల్‌డ్రిక్ వచ్చి అతన్ని తీసేసి ఒక ఇనప బీరువా పెట్టింది. దానికి అంకెల బిళ్ల చూపిస్తేనే నోరు తెరుస్తుంది. సోమవారం మధ్యాహ్నం భోజనం కాగానే నెల్డా దాని ముందు నిలబడి పట్టీని ఇటు తిప్పి అటు తిప్పి చూపించింది. అది ఎర్రదీపం వెలిగించి, మూడుసార్లు కూసి ఊరుకుంది. విసుక్కుంటూ తిరిగొచ్చింది. నేను అప్పటికే బల్ల దగ్గర పట్టీలు విప్పడానికి సిద్ధమవుతున్నాను.

ఆ తర్వాత బుధవారం పొద్దున దాకా చెప్పుకోదగ్గది ఏమీ జరగలేదు. జరగలేదనే అనుకున్నాం.

బుధవారం పదిన్నరకు, ఎలాగూ బీరువా పుచ్చుకోదు కదా, మేనేజరుకే ఇచ్చేద్దామని నెల్డా జేబులో చెయ్యి పెట్టింది. జేబు ఖాళీ. రెండో జేబు చూసింది. నేల చూసింది. తర్వాత తలెత్తి కొక్కేల పలక వైపు చూసింది. దగ్గరికెళ్లి, ఆరో కొక్కేనికున్న పట్టీ చివరను రెండు వేళ్లతో తిప్పింది. నీలం దారం.

నెల్డా కుర్చీ లాక్కుని కూర్చుంది. పనివేళలో ఆమె కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

"ఎనిమిది కొక్కేలు, ఎనిమిది పట్టీలు," అంది. "అందులో ఒకటి నాది. మరి ఎనిమిదోది ఎక్కడుంది ట్వైలా?"

మూసేసిన ఏదో ఒక పారాచూట్ లోపల ఉండిపోయి ఉండాలి. ఆ పట్టీని తను ఎప్పుడు తగిలించిందో ఆమెకు గుర్తులేదు. సోమవారం మధ్యాహ్నం బీరువా దగ్గర చేతిలో ఉంది, బుధవారం పొద్దున కొక్కేనికి ఉంది. ఈ మధ్యలో ఏడు పారాచూట్లు మూశాం. నాలుగు నేను, మూడు నా జోడీ ఓడెల్ ఫాంట్. ఏడింటి చీటీల మీదా పదిహేడో నంబరు ముద్ర ఉంది. ఖాళీగా ఉండి కేకలు పెట్టాల్సిన కొక్కెం నోట్లో ఆమె పట్టీయే గుడ్డ కుక్కింది. మూడు ఇంకా మా దగ్గరే, పారాచూట్లను అదిమి బిగించే ప్రెస్సు గదిలో ఉన్నాయి. నాలుగు పది గంటల లారీకి వెళ్లిపోయాయి.

ఆమెను చెయ్యి పట్టుకుని వెనక సిగరెట్ల షెడ్డులోకి లాక్కెళ్లాను. నేనన్న మాటలు ఇప్పుడు రాయాలంటే సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను.

"నోరు మూసుకో నెల్డా. కాగితం మీద ఎనిమిదికి ఎనిమిది ఉన్నాయి. ఆ ఎనిమిదోది ఏ చెత్తబుట్టలోనో పోయుంటుంది. శుక్రవారం హెడ్డాఫీసు నుంచి పెద్దవాళ్లొస్తున్నారు. పందొమ్మిది దేశాల కుర్చీలకి పారాచూట్లు మనతో చేయించాలా, ఆరిజోనాలో కొత్తగా కొన్నవాళ్లతో చేయించాలా అని తేల్చుకునేది అప్పుడే. ఇలాంటప్పుడు ఏడు వెనక్కి పిలిస్తే ఆరిజోనాకే పోతుంది. ఊళ్లో మిల్లు పోయింది, ఇది కూడా పోతే ఏం తింటాం, పైన్ చెట్ల బెరడా?"

నెల్డా షెడ్డులోని బెంచీ మీద కూర్చుంది.

"ఇన్నేళ్లలో మనవి ఎన్ని తెరుచుకున్నాయే? నాలుగు! మిగతావన్నీ కుర్చీలోనే ముసలివైపోతాయి."

"ఉత్తరాలు రాసింది నలుగురు," అంది నెల్డా. "రాయనివాళ్ల సంగతి నాకు తెలీదు. నీకు తెలుసా?"

"నీకు రెండు రోజుల నౌకరీ ఉంది. ముప్పై ఎనిమిదేళ్లలో ఒక్క తప్పు లేదన్న పేరుంది. దాన్ని చేజేతులా పారేసుకుంటావా?"

ఆమె నా వైపు తిరిగింది. కోపం లేదు. చాలా అలసటగా ఉంది, అంతే. "ఏడింట్లో ఏది తెరుచుకోదో చెప్పు, ట్వైలా. అదొక్కటి వదిలేద్దాం, సరేనా?"

ఆమె లేచి వెళ్లింది. నేనూ వెనకాలే వెళ్లాను, తోడుగా కాదు, ఇంకా ఆపగలనేమో అని.

మా మేనేజరు ప్రెస్టన్ యార్‌బ్రో చెడ్డవాడు కాదు. ఈ ఊరివాడే. చిన్నప్పుడు ఆదివారం బడిలో నెల్డా దగ్గరే బైబిలు కథలు నేర్చుకున్నాడు, మా వైపు పెద్దావిడల్ని పిలిచినట్టు ఇప్పటికీ మిస్ నెల్డా అనే పిలుస్తాడు. నలభై దాటకుండానే జుట్టు సగం పోయింది. అతని బల్ల మీద శుక్రవారం కోసం రంగురంగుల పటాలు పరిచి ఉన్నాయి. ఊళ్లో పెళ్లికి కుక్కల హడావుడి అన్నట్టు, వారం నుంచి నడవాలకు రంగులు కూడా వేయిస్తున్నాడు. నెల్డా నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పింది. అతను పటాలు పక్కకు జరిపాడు.

"మిస్ నెల్డా, మీరు చెప్పింది నాకు సరిగ్గా వినపళ్లేదు," అన్నాడు. "ఒక పని చేయండి. బయటికెళ్లి, కాసిని మంచినీళ్లు తాగి, మళ్లీ లోపలికి రండి. అప్పుడు ఏం చెప్పాలనుకుంటే అది చెప్పండి. రికార్డులో ఎనిమిది ఉందన్న సంగతి మాత్రం గుర్తుపెట్టుకోండి."

నెల్డా బయటికొచ్చింది. నడవాలో నీళ్లు తాగింది. నేను ఆమె మోచెయ్యి పట్టుకుని, "ఇదే ఆఖరు అవకాశం, ఇంటికి పోదాం పద," అన్నాను. ఆమె నా చెయ్యి తీసేసి, తలుపు తట్టి, లోపలికెళ్లి అదే మాట మొదటి నుంచి చెప్పింది. ఈసారి ఇంకొంచెం గట్టిగా.

"ఇప్పుడు వినపడిందా నాన్నా?"

"వినపడింది మేడమ్," అన్నాడు ప్రెస్టన్. టెలిఫోను అందుకున్నాడు.

లారీని టెక్సర్కానా ఊరు దాటాక ఆపి వెనక్కి తిప్పారు. ఆ మధ్యాహ్నానికే హెడ్డాఫీసు నుంచి మూడు ఫోన్లు. సాయంత్రానికి, శుక్రవారం పెద్దవాళ్లు వేరే పని వల్ల రాలేకపోతున్నారని కబురు వచ్చింది. భోజనాల హాల్లో ఎవరూ నెల్డా బల్ల దగ్గర కూర్చోలేదు. కుట్టు మిషన్ల వాళ్లలో ఒకావిడ అందరికీ వినపడేలా, "కొందరికి పింఛను ఖాయమయ్యాకే నీతి పుట్టుకొస్తుంది," అంది. నాకు ఒళ్లు మండింది. కానీ ఆ మాట పొద్దున నేనూ మనసులో అనుకున్నదే, కాబట్టి నోరెత్తలేకపోయాను.

గురువారం ఏడూ విప్పాం. ప్రెస్టన్ కోటు తీసేసి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ప్రెస్సులో బిగిసిన పారాచూట్ విప్పితే ఊపిరి వదిలినట్టు శబ్దం వస్తుంది. ఫ్యాక్టరీలోనే ఉన్న మూడూ ముందు విప్పాం. మూడూ శుభ్రం. లారీలో తిరిగొచ్చినవాటిలో మొదటిది ఓడెల్ మడిచింది. శుభ్రం. ఓడెల్ గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. రెండోదీ అతనిదే, అదీ శుభ్రం. అప్పటికి నాకు ఆశ పుట్టింది. పట్టీ చెత్తబుట్టలోనే పోయుంటుంది, నేనన్నదే నిజమవుతుంది, నెల్డా ఊరికే ఊరంతటినీ అల్లరి పెట్టిందని అనవచ్చు. అవును, ఆ నిమిషంలో నేను కోరుకున్నది అదే.

ఆరోది విప్పింది నెల్డాయే. తెల్లటి గుడ్డ పక్కకు తొలగిస్తూ తాళ్ల దాకా వచ్చి ఆగిపోయింది. నన్ను చూసి కొంచెం పక్కకు జరిగింది.

తాళ్ల చుట్టూ ఎర్ర పట్టీ, బిగుతుగా, చక్కగా ఉంది. ముడి ఎడమ వైపుకు తిరిగి ఉంది. ఈ ఫ్యాక్టరీలో ఎడమచేత్తో ముడి వేసేది నేనొక్కదాన్నే. చీటీ చూడక్కర్లేదు. అయినా ప్రెస్టన్ తీసి చదివాడు. సోమవారం, ఒంటిగంటా పది, మడిచినది ట్వైలా బర్డెట్, తనిఖీ పదిహేడు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. సోమవారం భోజనం తర్వాత నేను పట్టీలు విప్పుతూ ఐదో కొక్కెం దాకా తగిలించాను. నెల్డా బీరువా దగ్గర్నుంచి విసుక్కుంటూ వచ్చి పలక పక్కన నిలబడింది. అదే సమయానికి ప్రెస్టన్ తలుపులోంచి తల పెట్టి, "మిస్ నెల్డా, శుక్రవారం కేకు చాక్లెట్‌దా, తెల్లదా?" అని అడిగాడు. నెల్డా చేతిలో ఉన్నదాన్ని ముప్పై ఎనిమిదేళ్ల అలవాటు కొద్దీ కొక్కేనికి తగిలించి, అతని వైపు తిరిగి "తెల్లది" అంది. నేనూ నవ్వుతూ తలెత్తి, "చాక్లెట్ చెప్పవే, మేము తినొద్దూ?" అన్నాను. మళ్లీ పలక వైపు తిరిగేసరికి ఆరో కొక్కెం నిండి ఉంది. ఆరోది విప్పేశానన్నమాట అనుకుని ఏడో దాని మీద చెయ్యి వేశాను.

అంతే జరిగింది. ఒక కేకు రంగు కోసం.

షెడ్డులో నేను ఆమెతో అన్నవన్నీ గుర్తొచ్చాయి. చెత్తబుట్టలో పోయుంటుంది అన్నాను. కుర్చీలోనే ముసలివైపోతాయి అన్నాను. నేను వదిలెయ్యమన్నది నా ముడినే. ఎవరో పిల్లాడు ఆకాశంలోంచి నా ముడితో సహా నేల దాకా వచ్చేవాడు. వాడి చీటీ మీద నా పేరు ఉండేది, నేను మాత్రం ఇక్కడ వేయించిన చేపలు తింటూ ఉండేదాన్ని.

నెల్డా ఆ ముడిని తాకలేదు. ఫోటో తీసేదాకా ఆగింది. తర్వాత ఫారం తెప్పించి, కారణం అన్న చోట నిలువుగా కుదురైన తన అక్షరాలతో రాసింది. "పరాయి పట్టీ గదిలోకి తెచ్చింది నేను. కొక్కేనికి తగిలించింది నేను. ఎర్రరంగును లెక్కపెట్టాను, పట్టీని చూడలేదు." కింద ముద్ర వేసింది. కలం నా చేతికిచ్చింది.

"నీది నువ్వు రాయి."

తిలాపాపం తలా పిడికెడు అంటారు. నా పిడికెడు నేను రాశాను. "ఆరో పట్టీ విప్పలేదు. కొక్కెం నిండి ఉంటే విప్పాననుకున్నాను." రాశాక పక్కనే నిలబడ్డ ప్రెస్టన్, తన జేబులోంచి కలం తీసి మూడో వరుస తనే రాశాడు. "మడత జరిగేటప్పుడు గదిలోకి తల పెట్టి మాట్లాడించింది నేను." అలా రాయమని అతన్ని ఎవరూ అడగలేదు. ఆదివారం బడిలో నేర్చుకున్నది ఎక్కడికీ పోలేదనుకుంటాను.

నీలం దారం పట్టీని ఏం చేయాలో కంపెనీ పద్ధతుల్లో ఎక్కడా లేదు. ప్రెస్టన్ మామూలు తెల్లకాగితం మీద, "తొంభై ఎనిమిదిలో తీసుకున్న ఎర్ర పట్టీ ఒకటి తిరిగి ముట్టినది," అని రాసి సంతకం పెట్టి ఇచ్చాడు. నెల్డా దాన్ని నాలుగు మడతలు పెట్టి చర్చి సంచిలో దాచుకుంది.

శుక్రవారం పెద్దవాళ్లు రాలేదు కానీ కేకు వచ్చింది. వారం మొదట్లోనే చెప్పి ఉంచారు కదా. తెల్లదే. నీలం అక్షరాలతో రాసి ఉంది: "నెల్డా, 38 ఏళ్లు, ఒక్క తప్పు లేదు." బేకరీ ఆవిడకు ఏం తెలుసు, ముందు చెప్పినట్టే రాసింది. ప్రెస్టన్ ఆ చివరి మాటల వైపు చూసి, ఎర్రబడి, ప్లాస్టిక్ చాకుతో వాటిని గీకేశాడు. అక్షరాలు పోయాయి, నీలం మరక మిగిలింది. పందొమ్మిది దేశాల పని మాకొస్తుందో ఆరిజోనాకు పోతుందో అప్పటికి ఎవరికీ తెలియదు. చప్పట్లు కొట్టారు, పెద్దగా ఏమీ కాదు. సగం మందైనా రాలేదు. గోడ గడియారం ఒకటి ఇచ్చారు. దాని వెనకాల హాల్‌డ్రిక్ పేరున్న స్టిక్కరు, అది చింపితే పాత కంపెనీ పేరు. ముద్రను ఆమే చక్రం మీద పెట్టి అరగదీసింది. నిమిషం కూడా పట్టలేదు.

ముక్కలు కోస్తున్న ఓడెల్ ఆమెకు చక్కెరపువ్వు ఉన్న మూల ఇవ్వబోయాడు.

"అది వద్దు," అంది నెల్డా. "ఆ గీకిన చోటు ఉంది చూడు, ఆ ముక్క పెట్టు."

పళ్లెం పట్టుకుని నేరుగా నా దగ్గరికొచ్చింది. నేను కిటికీ దగ్గర ఒక్కదాన్నే నిలబడి ఉన్నాను. సోమవారం నుంచి నాకు మూడు రోజులు జీతం లేని సెలవు, ఆ తర్వాత కొత్తగా చేరినవాళ్లతో పాటు మొదటి పాఠం నుంచి శిక్షణ. ఆమె నన్ను ఓదార్చలేదు, క్షమించానని అనలేదు. చాకుతో నీలం మరక మధ్యకు సరిగ్గా ముక్కను రెండుగా కోసింది.

"ఇందులో సగం నీది," అంది.

ఇద్దరం నిలబడే తిన్నాం. తినడం అయ్యాక ఆమె అలవాటు కొద్దీ పళ్లెంలోని చెంచాలు లెక్క చూసింది. రెండు. ఆగి, ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, వెనక్కి తిప్పి చూసి, నా వైపు చాచింది. నేనూ తిప్పి చూశాను.